జపాను నూడుల్సుకి పోపు పెట్టిన రోజు

మొన్న ఆదివారం మా ఇంట్లో ఒక జపాను పెద్దమనిషికి నా చేతుల మీదుగా జరిగిన అన్యాయం చెబుతాను, వినండి. చెప్పకుండా దాచుకోవచ్చు. కానీ పక్కవాళ్ల తప్పులు నలుగురిలో ఎంచే నోటితో మన తప్పు మింగేయడం పద్ధతి కాదు. టీ తాగుతూ వినండి, నవ్వొస్తే నవ్వండి.

మా మేడ మీద గదిలో శ్రీను అని మా తెనాలి వైపు పిల్లాడు అద్దెకుంటున్నాడు. మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడలో కంప్యూటర్ ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చెబుతాయట. ఒక జపాను కంపెనీకి ఆ తప్పు రాకుండా సరిచేసే పని వీళ్లది. ఆ పని చూసి సరేననడానికి అక్కడినుంచి తనకా గారని ఒకాయన వచ్చాడు. సోమవారం ఆయన అంతా చూసి సంతకం పెడితే శ్రీనువాళ్ల ఉద్యోగాలు నిలుస్తాయి. లేదంటే ఆరునెలల చాకిరీ ఇంకో ఊరి వాళ్ల పాలవుతుంది.

చిక్కేమిటంటే ఆయన నాలుగు రోజులుగా తిండి తినడం లేదు. హోటల్లో ఏం ముట్టుకున్నా మంట. బ్రెడ్డుముక్కా అరటిపండూ, అంతే.

శనివారం సాయంత్రం శ్రీను బిక్కమొహం వేసుకుని వచ్చాడు. "పిన్నిగారూ, ఆయన సోమవారం దాకా నిలబడేలా లేడండి. మధ్యలో తిరిగి వెళ్లిపోతానంటే మా పని గోవిందా. వాళ్ల ఊరి వంట ఒక్కటి పెడితే లేచి కూర్చుంటాడు. యాకిసోబా అని, వేయించిన నూడుల్సు. ఆఫీసులో ఇంటర్నెట్‌లో చూసి ప్రింట్ తీసుకొచ్చాను."

"రేపు మధ్యాహ్నం భోజనానికి తీసుకురా," అన్నాను.

"ఏం వండుతున్నారో ఆయనకి ముందు చెప్పనండి. కంచంలో చూసి ఆశ్చర్యపోవాలి."

ఆశ్చర్యపోయాడు లెండి.

ఆదివారం పొద్దున్న శ్రీను అమీర్‌పేట పోయి నూడుల్సు పొట్లాలూ, సోయా సాస్ అని ఒక నల్లటి సీసా తెచ్చి ఇచ్చాడు. కాగితం చదివి వినిపించాడు. మాంసం అన్నాడు. మా ఇంట్లో కుదరదన్నాను. ఉల్లిపాయ అన్నాడు. ఉల్లిపాయ వేస్తే దేవుడి నైవేద్యానికి పనికిరాదు, అదీ తీసేశాను. క్యాబేజీ, క్యారెట్ మిగిలాయి. సాస్ రెండు చెంచాలు అన్నాడు.

"ఒరే, ఇరవైరెండేళ్లుగా గరిటె పట్టినదాన్ని. చెంచాలతో కొలిచి వండే అవసరం నాకు రాలేదు. ఆ కాగితం అక్కడ పెట్టి ఆయన్ని తీసుకురా," అని పంపేశాను.

పొట్లం విప్పేసరికి మా పాలు పోసే మల్లమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏందమ్మా ఇవి, దారాల లెక్క గింత పొడుగున్నయి?"

"జపాను సేమియా."

"గవి గట్లనే మింగుతరా?"

మర్యాదగల మనిషి నోట్లోంచి దారాలు వేలాడుతుంటే బాగుంటుందా? అందుకని శుభ్రంగా విరిచాను. నేతిలో దోరగా వేయించాను. తర్వాత ఉడికించాను. కాగితంలో పోపు మాట లేదని గుర్తుంది. బహుశా అది రాసినవాడికి వంట రాదనుకున్నాను. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు వేసి పోపు పెట్టాను. పాపం కడుపులో మంటతో ఉన్న మనిషని ఎండుమిరపకాయ మాత్రం వెయ్యలేదు. ఆ నిగ్రహానికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇక ఆ సీసా. మూత తీసి వాసన చూశాను. పాత బెల్లం పాకంలా, కాస్త పులిసినట్టుగా ఉంది. చింతపండు పులుసు రంగు. తీపీ పులుపూ ఉన్నచోట ఉప్పు దండిగా పడాలి, ఎవరికైనా తెలిసిన సంగతే. ఐదారుగురికి సరిపడా వంట కాబట్టి రెండు గరిటెలు పోశాను. రంగు చాలలేదనిపించి ఇంకో గరిటె. ఆపైన గుప్పెడు ఉప్పు.

మల్లమ్మ కళ్లార్పకుండా చూసింది. "గా నల్లనీళ్లు ఎట్లుంటయో ఏమో. జర నాలుకకు పెట్టి చూడరాదమ్మా."

"వండుతూ రుచి చూస్తే ఎంగిలి. మా అమ్మ నేర్పలేదు. ఉప్పు సంగతి నా వేళ్లకి తెలుసు."

"మంచిది. మీ వేళ్లు మీ ఇష్టం," అని చెంబు తీసుకుని పోయింది.

దేవుడికి నైవేద్యం పెట్టాను. ఆయన ఏమీ అనలేదు.

ఒంటిగంటకి తనకా గారు వచ్చారు. ఎవరూ చెప్పకుండానే బూట్లు గుమ్మం బయట విప్పి, వాటి ముక్కులు వీధివైపు తిప్పి జతగా పెట్టారు. పీట వద్దని చాపమీద మోకాళ్లు మడిచి నిటారుగా కూర్చున్నారు. తినబోయే ముందు చేతులు జోడించి కంచానికి దణ్ణం పెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూడు శ్రీనూ, ఇదీ పద్ధతి. మంచం మీద కూర్చుని తినే మీరు నేర్చుకోవలసింది," అని అక్కడే పాఠం చెప్పాను.

మావారూ శ్రీనూ పక్కన కూర్చున్నారు. మావారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నావైపు ఒకసారి చూసి తలదించుకున్నారు. కంచం ముందు కూర్చుని వంటకి వంక పెట్టకూడదని మా ఇంట్లో నియమం. పెట్టింది నేనే.

తనకా గారు ఒక్క క్షణం ఆగారు. కళ్లు కొంచెం పెద్దవయ్యాయి. తర్వాత తలవంచి, మెతుకు మిగలకుండా కంచం ఖాళీ చేసి, గ్లాసుడు నీళ్లు తాగారు. నాలుగు రోజులు పస్తున్న మనిషి. కంచం ఖాళీ అయితే ఏమిటి అర్థం? మళ్లీ వడ్డించాను. అదీ పూర్తి చేశారు, రెండు గ్లాసుల నీళ్లు. మూడోసారి గరిటె ఎత్తితే శ్రీను నా చీర కొంగు లాగినంత పని చేశాడు.

"పిన్నిగారూ, చాలండి ఆయనకి."

"తినే మనిషికి అడ్డుపడకు. పాపం చుట్టుకుంటుంది."

"అది కాదండీ..."

"నువ్వు నీ కంచంలోకి చూసుకో. పెరుగెందుకు కలుపుతున్నావు అందులో?"

వాడు మావారి వైపు చూశాడు. మావారు గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు. తనకా గారు మూడో వడ్డన కూడా పూర్తి చేశారు. నుదుటిమీద చెమట పట్టింది. ఎండాకాలం కదా అనుకున్నాను.

వాళ్లు చేతులు కడుక్కుంటుంటే నేను వంటింట్లో కంచం పెట్టుకున్నాను. ఒక ముద్ద. మా సూర్యలంకలో సముద్రస్నానం చేస్తుంటే అల కొట్టి నోట్లోకి నీళ్లు పోతాయి చూడండి, ఆ అలని నమిలినట్టుంది. ఆ నల్లసీసాలో ఉన్నదే ఉప్పు, దానిమీద నా గుప్పెడు. కళ్లనీళ్లొచ్చాయి. ఆ మహానుభావుడు దీన్ని మూడుసార్లు తిన్నాడు, మూడుసార్లూ నేనే వడ్డించాను. రేపు ఈయన మంచమెక్కితే శ్రీను ఉద్యోగం పోగొట్టింది నేనే.

లేచి మజ్జిగ చిలికాను. ఉప్పు డబ్బా వైపు చూడను కూడా లేదు. చెంబు పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాను. గటగటా తాగేశారు, మళ్లీ పోశాను, అదీ తాగేశారు. అప్పుడు ఇంగ్లీషులో ఏదో అడిగారు. శ్రీను మొహం పాలిపోయింది.

"ఏమంటున్నాడు?"

"ఇంత అరుదైన ఆంధ్రా వంటకం పెట్టారు, దీని పేరేమిటని అడుగుతున్నారండి."

ఎదురుగా మనిషి మనసారా అడుగుతున్నాడు. అబద్ధం ఆడడం నావల్ల కాదు. చేతులు జోడించి, "అయ్యా, ఇది మీ దేశపు యాకిసోబాయే. నా అహంకారం కొద్దీ ఇలా తయారైంది. ఉప్పు నాలుగింతలు పడింది. నన్ను క్షమించండి. ఒరే శ్రీనూ, ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాను.

యాకిసోబా అన్న మాట వినబడగానే ఆయన తల ఎత్తారు. శ్రీను చటుక్కున అందుకుని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాడు. తనకా గారు లేచి నడుం దాకా వంగి నాకు నమస్కారం చేశారు. నన్ను క్షమించారనుకుని మళ్లీ దణ్ణం పెట్టాను.

సోమవారం రాత్రి భోజనాలవేళ శ్రీను ఎగురుకుంటూ వచ్చాడు. తనకా గారు పొద్దున్నే వచ్చి కూర్చున్నారట, నీళ్ల సీసాలు మూడు పక్కన పెట్టుకుని సాయంత్రం దాకా కదల్లేదట. సంతకం పెట్టేశారట.

"నా తప్పు చెప్పినందుకే ఆయన మెత్తబడి ఉంటాడు," అన్నాను.

శ్రీను గొంతు సవరించుకున్నాడు. "మీరు చెప్పింది నేను చెప్పలేదండి. ఇది యాకిసోబాలాగే ఉంటుంది గానీ మా పిన్నిగారి పుట్టింటి పండగ వంట, పెద్ద అతిథులకే పెడతారు అన్నాను. ఆయన భార్యకి నేర్పాలట. తయారీ రాసి పంపమన్నారు."

మావారు పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

నాకు ఒళ్లు మండింది. వాణ్ణి నిలబెట్టి అబద్ధాల గురించి పావుగంట చీవాట్లు పెట్టాను. వాడు తలవంచుకుని అన్నీ విన్నాడు. తర్వాత మెల్లగా జేబులోంచి కలం తీసి, "ఇప్పుడు కాదంటే సంతకం సంగతి ఏమవుతుందో పిన్నిగారూ," అన్నాడు.

లోపలికి వెళ్లి కాగితం తెచ్చి వాడి ముందు పెట్టాను.

"రాసుకో," అన్నాను. "సేమియా నేతిలో దోరగా వేయించవలెను. ఉప్పు చిటికెడు."

"చిటికెడా అండీ?"

"చిటికెడే. ఆవిడేం పాపం చేసింది."

"పేరేం రాయమంటారు?"

"నల్ల ఉప్మా అని రాయి," అన్నాను. మావారి చేతుల్లో పేపరు ఊగడం మొదలుపెట్టింది. ఎలాగూ పరువు పోయింది కదా అని, "మా అమ్మ ప్రతి ఉగాదికీ చేసేదని కూడా రాయి," అన్నాను.