గీత గీయందే గరిట దించని మా బావ

కింద ఏముందో తెలుసుకోకుండా మా బావ దేన్నీ గుచ్చడు, కొయ్యడు, తవ్వడు. ఇంకొకళ్ళని చెయ్యనివ్వడు. భూమిలో కరెంటు తీగలూ గ్యాసు గొట్టాలూ ఎక్కడున్నాయో మిషనుతో వెతికి, పైన రంగు గీతలు గీయడం ఆయన ఉద్యోగం. ఆ గీతల పక్కన జేసీబీతో తవ్వడం నా ఉద్యోగం. సాయంత్రమయ్యాక నేను బండి దిగుతాను. ఆయన మాత్రం ఉద్యోగం దిగడు.

మా అక్క కూరలో గరిట పెట్టబోతే, "ఆగు! అడుగున ముక్కలు ఎటున్నాయో చూశావా?" అంటాడు. మేకు కొట్టాలంటే ముందు గోడంతా సుద్దగీతలే. ఒకసారి జ్వరమొచ్చి, సూది పొడవబోతున్న డాక్టరుతోనే, "కింద ఏముందో చూశారాండీ?" అన్నాడు. డాక్టరు పగలబడి నవ్వి, కుర్చీ వేయించి కాఫీ ఇప్పించాడు. అదే డాక్టరు, నేను నోరు తెరిస్తే "తర్వాత, తర్వాత!" అంటాడు.

ఇదీ నా కడుపుమంట. ఏ వీధికెళ్ళినా కుర్చీ ఆయనకే. నాకు మాత్రం "గొయ్యి ఎప్పుడు పూడుస్తావయ్యా?" అనే నిలదీత. కట్టుకున్నది కూడా, "అన్నయ్యగారిని చూసైనా నేర్చుకోండి" అంటుంది.

నాకూ ఒక గొప్ప ఉందండోయ్! ఇన్నేళ్ళలో నా జేసీబీ బకెట్ ఒక్క తీగనీ తెంపలేదు. డ్రైవర్లందరిలో ఆ పేరు నాదొక్కడిదే. దాన్ని పట్టుకునే తలెత్తుకు తిరుగుతున్నాను.

మొన్న ఆసుపత్రి ముందు మంచినీటి గొట్టం పగిలింది. నీళ్ళు లోపలికి పోతున్నాయి. "త్వరగా తవ్వండయ్యా!" అని ఇంజనీరు గారు గంతులేస్తున్నారు. బావ మాత్రం మిషను పట్టుకుని తాపీగా అటూ ఇటూ నడిచి, ఎర్రగీత గీశాడు.

"గీతకి కుడిపక్కే తవ్వు. తీగ తెగితే లోపల ఆపరేషను ఆగిపోతుంది," అన్నాడు.

ఇంతలో ఎదురింటావిడ కుర్చీ తెచ్చింది. ఎవరికో వేరే చెప్పాలా? నాకు ఒళ్ళు మండిపోయింది. బండి దిగి, మిషను లాక్కుని గీత మీద పెట్టాను. చప్పుడు లేదు! అడుగు ఎడమకి జరిపితే కుయ్యిమంది.

"తీగ అక్కడుంటే గీత ఇక్కడ గీశావేం బావా?" వీధంతా వినబడేలా అరిచాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

"ఏమయ్యా, ఇదా నీ పనితనం?" ఇంజనీరు గారు కళ్ళెర్రజేశారు.

"పొరపాటైందండీ," అన్నాడు బావ. గీత మాత్రం చెరపలేదు. "నువ్వు తవ్వు బామ్మర్దీ."

గెలిచిన ఊపులో బండెక్కాను. కాస్త తవ్వానో లేదో, ఎదురింటావిడ "పాపం, అందరిలో మాటపడ్డారు" అంటూ బావకి కాఫీ అందించింది. తప్పు చేసినందుకు కూడా కాఫీయేనా! కసిగా మీట లాగాను.

"ఆగరా!"

బావ కేక. దిగి చూస్తే నా బకెట్ గీత దాటి ఎడమకి వెళ్ళింది. మట్టి రాలి నల్లటి తీగ కనిపిస్తోంది. బకెట్ పళ్ళకీ దానికీ మధ్య జానెడే. గీత సరిగ్గా తీగ మీదే ఉండి ఉంటే తీగా పోయేది, నా గొప్పా పోయేది.

బావ నా చెవిలో అన్నాడు. "నా మీద కోపమొస్తే నీ చెయ్యి ఎడమకి లాగుతుందిరా. అందుకే నీకు అడుగు ఇవతల గీస్తాను."

"ఎప్పుడూనా?"

"కోపం లేందెప్పుడు?"

"మరి ఇంజనీరు గారికి చెప్పవేం?"

"నీ పేరు మీద నీకెంత ప్రాణమో నాకు తెలీదా? కింద ఏముందో తెలిసీ ఎలా పొడుస్తాన్రా?"

నిజం చెప్పేద్దామని ఇంజనీరు గారి వైపు తిరిగాను. బావ నా కాలు తొక్కాడు.

హతోస్మి! నాకున్న ఒకే ఒక్క గొప్ప కూడా ఆయన చలవేనన్నమాట. ఇక మనశ్శాంతిగా కుళ్ళుకునే దారి కూడా లేదు.

ఇవాళ ఇంకో వీధిలో గొట్టం పగిలింది. బావ గీత మొదలెట్టబోతుంటే, ఈసారి నేనే అరిచాను.

"ఆగు బావా! ఇవాళ రెండడుగులు ఇవతల గీయి. పొద్దున్నే నీ చెల్లెమ్మ మళ్ళీ నిన్ను పొగిడింది!"