నలభై గూళ్ళు

ఆ రోజుల్లో నేను ఇప్పటిలా అబద్ధాలాడేవాణ్ణి కాదు. ఇంకా బాగా ఆడేవాణ్ణి. కాశీబుగ్గ జీడిబట్టీలో ఒక్క పిక్క చిటపటమంటే, బజారుకొచ్చేసరికి నా నోట్లో బట్టీయే పేలిపోయేది. కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను: ఇందులో కొంత పెంచి చెబుతాను. కల్పించిందేదో చివర్న నేనే చెబుతాను. గోరంతలు కొండంతలు చేస్తానని పేరున్న నేను కొండంతను గోరంత చేసింది ఒక్కసారే. ఇది ఆ సంగతి.

డిగ్రీ అయి ఖాళీగా తిరుగుతుంటే, పట్నం నుంచి పిట్టలు లెక్కపెట్టే సారొకాయన వచ్చి సాయానికి నన్ను పెట్టుకున్నాడు. టెక్కలి దాటి సంతబొమ్మాళి వైపు వెళితే ఒక చిన్న కొండ, దాని కింద చింతతోపు. వానలు పడగానే నత్తలు తినే పెద్ద కొంగలు ఆ తోపుకొచ్చి గూళ్ళు పెడతాయి. కొండలో మంచి గ్రానైటు ఉందని ఎవరో క్వారీకి అడిగారు. పిట్టలెన్నో తేలితేగాని తవ్వనివ్వాలో వద్దో తేల్చరట. సారు మొదటిరోజే చింతల కింద నిలబడి, తలెత్తి, ఆశ్చర్యంతో నోరు తెరిచాడు. కొంగల తోపులో తలెత్తవచ్చు, నోరు తెరవకూడదు. పడింది గ్లాసుడు. (సరే, చెంచాడు.) ఆయన తోపును చూసింది అరనిమిషం, టెక్కలి లాడ్జిలో పుక్కిలించింది మూడు రోజులు. లెక్క నా చేతికొచ్చింది.

గొడుగుకు కన్నం చేసి, అందులోంచి చూస్తూ చెట్టుచెట్టూ లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు గూళ్ళు. (నేను చెప్పే అంకెల్లో నమ్మదగింది ఇదొక్కటే.) తోపు పక్కన రోడ్డువార గుడిసెలో ఉండే ముసలామె, ఊరంతా కొంగల మామ్మ అని పిలిచే ఆమె, పొద్దుట్నుంచీ నన్నే చూస్తోంది.

"ఏటి బాబూ, ఏలెత్తి సూపించి మరీ ఏటి సేత్తన్నావు?"

"గూళ్ళు లెక్కెడతన్నాను మామ్మా."

"నీ నోట్లో మన్నడ! పురిటికొచ్చిన ఆడపిల్లల్ని ఎవులైనా లెక్కెడతారేట్రా? దిష్టి తగిలిపోదా?"

"నాలుగొందల..." అనబోయాను. అప్పటిదాకా ఎండుచేపలు శుభ్రం చేస్తున్న చేత్తోనే నా నోరు మూసేసింది.

"గట్టిగా అనకు! మాకు పది బస్తాలు పండితే ఆరని సెప్తాం. నలుగురు పిల్లలుంటే ఇద్దరంటాం. తగ్గించి రాసీ. నా మీదొట్టు!"

ఒట్టు వేయించుకుని చోడి అంబలి పోసింది. ఏడు ముంతలు తాగాను. (రెండు.) ఊరందరికీ నా మాటలు గాలికబుర్లు, నా నోటి అంకెకు పచ్చని చెట్టును మాడ్చే శక్తి ఉందని భయపడింది ఆమె ఒక్కతే. ఆ గౌరవానికి కరిగిపోయాను. గూళ్ళున్నాయని రాస్తే చాలదా, ఎన్నయితేనేం అనుకుని నలభై అని రాశాను. "నలభయ్యేనా?" అన్నాడు సారు బకెట్టు మీంచి తలెత్తి. "నలభయ్యేనండీ" అన్నాను. సంతకం పెట్టేశాడు.

నలభై గూళ్ళ కోసం కొండనెవరు ఆపుతారు? మరుసటి వేసవికల్లా లారీల దారికని చింతలు కొట్టేశారు. వానలకు వెళ్ళి చూశాను. కొంగలొచ్చి, రెండు రోజులు కొండ చుట్టూ తిరిగి, వెళ్ళిపోయాయట. మామ్మ గుమ్మంలో కూర్చునుంది.

"బాబూ, నివ్వు తగ్గించే రాసేవు కదా? ఒట్టు తప్పలేదు కదా?"

"తప్పీసేను మామ్మా. అన్నీ రాసీసేను" అన్నాను. అంతే, చీపురందుకుంది. సంతబొమ్మాళి దాకా తరిమింది. దారిలో రెండు గ్రానైటు లారీలు బెదిరి పొలాల్లోకి దిగిపోయాయి.

చెబుతానన్నాను కదా. సారు నోరు నిజం, గొడుగు కన్నం నిజం. కల్పించింది ఆ చీపురు. ఇన్నేళ్ళుగా ప్రతి పెళ్ళి పందిట్లోనూ ఆ చీపురుతో జనాన్ని నవ్విస్తున్నాను. ఆ రోజు నేను నిజంగా అన్నది, "తగ్గించే రాసేను మామ్మా. నలభయ్యే." ఆమె కోప్పడలేదు. నా మొహంలోకి చూసి, ఎంత ఆలోచించినా అంతుపట్టక అడిగింది:

"మరి దిష్టెలా తగిలిందిరా నాయినా?"

బస్సుకు టైమయిందని లేచి వచ్చేశాను. అప్పట్నుంచీ దేన్నీ తగ్గించి చెప్పలేదు నేను. ఆ బస్సు గంటన్నరకు గాని రాలేదు. ఆగే చోటు ఆమె గుమ్మానికి ఎదురుగానే. మొహానికి గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను గానీ, దానికి నేను చేసిన కన్నం ఇంకా అలాగే ఉంది.