ఒట్టి సంగటి ఎట్ల దిగుతాది?

జబ్బులన్నీ పెద్దవాళ్ల ఆస్తి, మన వాటా రావడానికి ఇంకా చాలా కాలముంది అనుకునే వయసులో ఉన్నాను ఆ రోజుల్లో. పెనుకొండలో కొత్త ఉద్యోగం, హిందూపురంలో అవ్వ చేతి వంట. అటువంటి నాకు రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువని వచ్చింది. (మా ఇంట్లో రక్తసంబంధం చిక్కనని తెలుసుగానీ, రక్తమే చిక్కనని తెలియదు.) ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని ధర్మవరం పోయి డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన, అన్నం తగ్గించి రాగిసంగటి తినమనీ, రోజూ నడవమనీ, మూడు నెలల్లో దిగకపోతే జీవితాంతం మాత్రలేననీ చెప్పాడు. మాత్రలంటే నాకు చిన్నప్పటినుంచీ ప్రాణభయం.

అవ్వకు మాత్రం పండగే అయింది. "నేను చెప్తే ఇనవు. ఆయప్ప ఎవరో బాగా సదువుకున్నోడు," అని ఆ పూటే సంగటి కెలికింది. కానీ మా సీమలో సంగటి ఒంటరిగా రాదు. దాని వెనక కోడిపులుసు, పొట్టేలు కూర, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి, నడుమ గుంటలో నెయ్యి, ఊరేగింపులా వస్తాయి. ఇవన్నీ వద్దే అంటే అవ్వకు కోపం వచ్చింది. "ఒట్టి సంగటి ఎట్ల దిగుతాదిరా? గొంతుకు అడ్డం పడితే ఆ డాక్టరు వస్తాడా తీసేకి?"

నడక సంగతి మరీ అన్యాయం. ఆఫీసు కాగానే పెనుకొండ కొండెక్కి దిగేవాణ్ని. దిగేసరికి ఆకలి నా మీద ఎక్కి కూర్చునేది. ఒక ముద్ద తినేవాణ్ని రెండు ముద్దలు లాగించి, పథ్యం ఎంత నిష్ఠగా చేస్తున్నానో అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ని.

మూడు నెలలకు కొలెస్ట్రాల్ ఇంకా పెరిగింది. డాక్టరు ఏం తిన్నావన్నాడు. సంగటే సార్ అన్నాను.

"దేంట్లోకి?"

చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను సంగటి రాసినా గదప్పా. పొట్టేల్ని రాసినానా?" ఇంకొక్కసారి చూస్తాననీ, ఈసారి దిగకపోతే మాత్రలేననీ తేల్చేశాడు. నేను లేచి గుమ్మం దాటబోతుంటే, "ఊరుబిండిలోకి మీ అవ్వ ఎల్లిపాయ ఏస్తాదా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

ఇంటికొచ్చి విసుగంతా అవ్వ మీద చూపించాను. మర్నాటినుంచి సంగటిలోకి ఆకుపప్పు, మజ్జిగ, అంతే. తనూ అదే తినేది. నీకేం వచ్చిందే, నువ్వు కూర వండుకో అంటే, "నీ ముందర కూసోని నేనెట్ల తినేది," అంది. ఆ తిండి తినలేక నేను రోజూ సణిగాను. ఆమె ఒక్క పూటా సణగలేదు.

తర్వాతి పరీక్షలో కొలెస్ట్రాల్ దిగింది. మాత్రల గండం తప్పింది. ఆ వారమే అవ్వ తన రవికెలన్నీ మూటగట్టి, వదులైపోయినాయి, కుట్లు బిగుతు చేయించుకుని రమ్మని నన్ను దర్జీ దగ్గరికి పంపింది. ఎందుకు వదులయ్యాయో ఆలోచించే తీరిక అప్పటి నేననే ఆ మహానుభావుడికి ఎక్కడిది? చంకలో మూట పెట్టుకుని, దారిలో కనబడినవాళ్లనల్లా ఆపి, సెల్‌ఫోన్లో తన రిపోర్టు చూపిస్తూ పోయాడు.