మీటరు గుడ్డలో స్కర్టు

పాకాల రైలు గేటు అవతల రేకుల ఇంట్లో గ్రేసీ చాలా ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కుతోంది. చిత్తూరు బట్టల వ్యాపారి మునిశేఖర్ ఏటా వేసవిలో ఒక ప్రైవేటు బడి యూనిఫాం గుడ్డ తెచ్చి ఆమెకూ, ఆ వీధిలోనే ఇంకో ముగ్గురు ఆడవాళ్ళకూ కుట్టమని ఇచ్చేవాడు. స్కర్టుకు ఒకటిన్నర మీటరు. కూలి తక్కువే గానీ, మిగిలిన గుడ్డ కుట్టినవాళ్ళదని ముందే మాట అనుకున్నారు.

స్కర్టుకు నాలుగు ముక్కలు. నడుం దగ్గర సన్నం, కింద వెడల్పు. అందరూ గుడ్డను నిలువునా మడిచి కత్తిరించేవాళ్ళు. గుడ్డ వెడల్పుకు, అంటే పన్నాకు, రెండు ముక్కలే వచ్చేవి. ఒకనాడు గ్రేసీ మడత విప్పి గుడ్డను నేలమీద పరిచింది. ఒక ముక్క నిటారుగా గీసి, పక్కది తలకిందులుగా, ఆ పక్కది మళ్ళీ నిటారుగా గీసింది. కింద ఇరవై రెండు అంగుళాలు, పైన పన్నెండు. యాభై ఎనిమిది అంగుళాల పన్నాలో మూడు పట్టేశాయి. గళ్ళ గుడ్డ కాదు, సాదా నీలం. తిప్పినా తేడా తెలియదు.

"కుప్పమ్మక్కా, రెండు స్కర్టుల గుడ్డలో మూడు వస్తా ఉండాయి, సూడు!" అని తనతోపాటు కుట్టే పక్కింటి కుప్పమ్మ దగ్గరికి పరిగెత్తింది.

ఆ ఏడు నలుగురికీ మిగులు బాగా వచ్చింది. సంచులు, దిండు గలేబులు కుట్టి సంతలో అమ్ముకున్నారు.

మరుసటి జూన్‌లో సరుకులో కొంత దారిలోనే ఆగిపోయింది. మునిశేఖర్ వచ్చి గడప మీద కూలబడ్డాడు. "బడి తెరస్తా ఉండారు గ్రేసీ. గుడ్డ మూడో వంతు తక్కువుండాది. యాడ తెచ్చేది?"

అతని వెనక నిలబడ్డ కుప్పమ్మ వద్దన్నట్టు కనుసైగ చేసింది. గ్రేసీకి జాలి వేసింది. జాలి ఒక్కటే కాదు, తన తెలివి ఎవరైనా చూడాలన్న ఆశ కూడా. "సరిపోతాదిలే అన్నా" అంటూ పరిచి చూపించింది. "నీ బుర్రకు దండం పెట్టాల్నమ్మా" అన్నాడతను. మళ్ళీ ఒకసారి గీయించుకుని చూసుకున్నాడు. పోతూ పోతూ చీర కూడా పెట్టాడు.

తరువాతి వేసవికి గుడ్డ స్కర్టుకు మీటరు చొప్పున వచ్చింది. ఈసారి కొత్తగా ఇచ్చిన పెద్ద తరగతుల పిల్లల స్కర్టులకూ అంతే. కూలి పెరగలేదు. గ్రేసీ బస్సెక్కి చిత్తూరు అంగడికి పోయింది.

"పెద్దపిల్లోళ్ళ కొలతకు ఈ లెక్క పారదన్నా. పన్నాలో మూడు పట్టవు."

"నువ్వే గదమ్మా సూపించినావు. కింద వెడల్పు తగ్గించు."

"అడుగు పడదన్నా."

"ఆడపిల్లోళ్ళు, నిదానంగా నడుస్తారులే. కుదరదంటే చెప్పు, దామలచెరువులో కుట్టేటోళ్ళు ఉండారు." అతను తలెత్తలేదు.

తిరిగొచ్చి చెబితే కుప్పమ్మ అరవలేదు. "ఆ పొద్దు సైగ చేస్తిని గదమ్మే" అని మాత్రం అంది. ఆ వారమే మిషను అమ్మేసి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోయింది. మిగతా ఇద్దరూ గ్రేసీ ఇంటి ముందు నుంచే పోతూ మొహం తిప్పుకునేవారు.

గ్రేసీ వెడల్పు తగ్గించి కుట్టింది. బడి తెరిచాక ఒక తల్లి వచ్చి చిరిగిన స్కర్టును మిషను మీద విసిరింది. "బస్సెక్కతా ఉంటే అందరి ముందరా పిగిలిపోయినాదంట నా బిడ్డకు. గుడ్డంతా నువ్వే మింగినావా?"

గ్రేసీ స్కర్టు అందుకుంది. రెండు పేటల దారంతో కుట్టి ఇచ్చింది. ఆమె వెళ్ళాక తరువాతి గుడ్డ పరిచి, సుద్దముక్క తీసుకుని, అంతే సన్నంగా గీత గీసింది.