పద్దెనిమిదో పేజీలో తాతయ్య సంతకం

మొన్న బంజారా హిల్స్‌లో పాత బొమ్మల పుస్తకాల ప్రదర్శన పెట్టారంటే, మోకాళ్లు మొరాయిస్తున్నా వెళ్లాను. అద్దాల పెట్టెలో మా తాతయ్య పుస్తకం! ఆయన వేయించిన ఎర్రగుడ్డ బైండు చూసి గుర్తుపట్టాను. పక్కన చీటీ మీద ‘తొలి యజమాని వివరాలు తెలియవు’ అని రాసి ఉంది. తెలిసినవాణ్ణి నేను, ఆ చీటీ ఎదురుగానే నిలబడ్డాను.

ఎనభైల చివర్లో, జూబ్లీ హిల్స్‌లో ఇంకా బంగళాలకన్నా బండరాళ్లే ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాతగారి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. చేర్పించింది మా మేనమామే. ఆయన యూసుఫ్‌గూడలో ఒంటిగదిలో ఉంటూ సినిమాలకు టైటిళ్లు రాసేవాడు. అక్షరం చెడితే సగం బ్లేడుతో సిరా గీకి, ఆ చోటును గోటితో రుద్ది నున్నగా చెయ్యడం నాకు నేర్పిందీ ఆయనే. పౌరాణికం తీస్తున్నాం, నగలూ కిరీటాలూ బొమ్మల్లో చూసుకోవాలని నిర్మాతగారు అడిగితే, మావయ్య తన తండ్రి పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి మరీ తెచ్చిచ్చాడు. ఇచ్చిన పుస్తకానికి రసీదు అడగడం ఆ రోజుల్లో మర్యాద కాదు మరి!

సినిమా ఆగిపోయింది, పుస్తకం మాత్రం నిర్మాతగారి బీరువాలో ఉండిపోయింది. అలాంటివి పోగెయ్యడం ఆయనకు పిచ్చి. “ఎవడెవడి పేర్లో మనకెందుకయ్యా, శుభ్రం చెయ్యి” అని నాకే అప్పజెప్పి, నా ఉద్యోగం ఖాయం చేస్తానని కూడా అన్నారు. మొదటి పేజీలో తాతయ్య పేరు గీకేశాను. అక్కడితో ఆగాల్సింది. లైబ్రరీవాళ్లు లోపలెక్కడో గుట్టుగా ముద్ర వేసినట్టు, తాతయ్య తన ప్రతి పుస్తకంలోనూ పద్దెనిమిదో పేజీ మూలన సంతకం పెట్టేవాడు. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. సిగ్గులేని వెధవని, అదీ గీకేశాను.

నెల తర్వాత మావయ్య పుస్తకం కోసం వచ్చాడు. “నీదైతే పేరు చూపించి పట్టుకెళ్లవయ్యా” అని నిర్మాతగారు సోఫాలోంచి లేవకుండానే నవ్వారు. మావయ్య ధీమాగా పద్దెనిమిదో పేజీ తీశాడు. మూలన వేలితో నిమిరాడు, మళ్లీ నిమిరాడు, తలెత్తి నావైపు చూశాడు. “చెయ్యి బాగా తిరిగిందిరా నీకు” అని, పుస్తకం బల్లమీద పెట్టి, ఖాళీ తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు మావాళ్లెవరూ నాకు కబురు కూడా పెట్టలేదు.

ఈ కాలంలో పాత యజమానుల పేర్లుంటేనే పుస్తకానికి విలువట, ప్రదర్శనలో ఒక అమ్మాయి చెప్పింది. తాతయ్య తక్కిన పుస్తకాలన్నీ ఎప్పుడో చెదలు తినేశాయి. ఆయన చేతిరాత ఎలా ఉండేదని మా మనవరాలు అడిగితే, గోటితో ఎలా రుద్దాలో చూపించగలను గానీ, ఒక్క అక్షరం చూపించలేను.