స్కాన్ కొట్టించుకున్న పరిశోధన

ఆ రోజుల్లో నాకొక వెర్రి నమ్మకం ఉండేది. మంచి పని చేస్తే లోకమే వెతుక్కుంటూ వస్తుందని. (లోకానికి వేరే పనులుంటాయని అప్పటికింకా తెలియదు.) హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. మరమగ్గాల షెడ్లలో నూలు దుమ్ము మనిషి ఊపిరితిత్తులను ఎలా తినేస్తుందో ఎండనక వాననక తిరిగి ఒక పరిశోధన వ్యాసం రాశాను. మా బాపు ఆ షెడ్లలోనే దగ్గుతూ పనిచేసేవాడు, అందుకే అది నాకు ప్రమోషన్ కోసం రాసిన కాగితం కాదు. ఆనవాయితీ ప్రకారం మొదటి పేరు మా హెడ్ సార్‌ది. ఆయన ఏ షెడ్డు గడపా తొక్కలేదు. దుమ్ము పడదట.

వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది. చదవాలంటే డాలర్లు కట్టాలి. రాసిన నాకే పూర్తిగా తెరుచుకోలేదు. ఇంతలో హెడ్ సార్ పిలిచి, "పేపర్ రాస్తె సరిపోతదా తమ్మీ? రీచ్ ఏది, ఇంపాక్ట్ ఏది? నెలాఖరుకల్ల వ్యూస్ పెరగకుంటె నీ రెన్యువల్ సంగతి నేను చెప్పలేను" అన్నాడు. ఆ ఆదివారమే నర్సంపేటలో మా చిన్నాయన కూతురి పెళ్లి. పెళ్లిళ్లలో కట్నాలు చదివించే మైకు ఎప్పుడూ మా మేనమామ చేతిలోనే ఉంటుంది. నా గోడు విని, "గింతేనా అల్లుడా! ఫికర్ చెయ్యకు" అని వ్యాసం పేజీ తెరుచుకునే క్యూఆర్ కోడ్‌ను పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, పెళ్లి వేదిక ముందే అతికించాడు.

"మా అల్లుడు పెద్ద రీసెర్చ్ రాసిండు. అందరు జర ఫోన్లు తీసి గీ బొమ్మ స్కాన్ కొట్టుండ్రి!" అని మైకులో ఒకటే ఊదర. ఈ కాలం పెళ్లిలో స్కాన్ అంటే కట్నమే కదా. జనం వరస కట్టారు. నేను పక్కన నిలబడి ఒక్కొక్కరికీ దండం పెడుతున్నాను. ఫోన్లలో ఇంగ్లీషు పేజీ తెరుచుకుని కార్డు నంబరు అడిగింది. "ఏందిరా, పెండ్లిపిల్లకు డాలర్లల్ల కట్నం వెట్టాల్నా?" అని ఒక పెద్దనాయన నిలదీశాడు. తక్కినవాళ్లు "కొట్టినం, అయిపోయింది" అనుకుని నేరుగా బగారా అన్నం దగ్గరికి నడిచారు. విషయం తెలిసిన చిన్నాయన పరుగెత్తుకొచ్చి కాగితం పరపరా చింపాడు. "నీ రీసెర్చ్ పాడుగాను! కట్నాలన్ని నీ దుమ్ములనే వోయినయ్ కదరా!"

వ్యూస్ మాత్రం అమాంతం ఎగబాకాయి. కాలేజీలో సభ పెట్టి, సమాజంలోకి పరిశోధనను తీసుకెళ్లినందుకు హెడ్ సార్‌కి శాలువా కప్పారు. వెనక వరసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. తర్వాతి వారం రెన్యువల్ ఇంటర్వ్యూలో అదే హెడ్ సార్, "ఆ పేపర్ మీద మొదటి పేరు నీది కాదు కద తమ్మీ, నీ సొంత ఇంపాక్ట్ ఏముంది?" అని అడిగాడు. ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోయింది.

ఇంటికొచ్చి చెబితే బాపు చాలాసేపు దగ్గి, "పోతె పోనీ బిడ్డా. గంతమంది సూసిండ్రు కదా, ఇగ మా షెడ్లకు కిటికీలు వెట్టిస్తరా?" అన్నాడు. లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

ఇప్పుడు సుబేదారిలో ఒక ఆఫీసులో వేరే పని చేసుకుంటున్నాను. ఎప్పుడైనా ఆ పేజీ తెరిస్తే వ్యూస్‌లో ఒకటి పెరుగుతుంది. అది నేనే. స్కాన్ కొట్టిన ప్రతివాడికీ చేతులు జోడించిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పాపం, వాళ్లంతా ఇంటికెళ్లి చదువుతారనే అనుకున్నాడు.