మామ మీది జెండా

హవల్దార్ మామ పోయాడని మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. అప్పుడు నేను క్యాంపస్ లైబ్రరీలో ఉన్నాను. ఒకప్పుడు ఆ లైబ్రరీ గేటుకు కాపలా ఉన్నది ఆయనే.

మీకు ఆయన తెలియదు. మాకు చుట్టమూ కాదు. తార్నాకలో మా పక్క గదిలో ఉండేవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. హాస్టల్ మెస్‌లో రొట్టెలు చేసే మా అమ్మ ఏటా ఆయనకు రాఖీ కట్టేది. మా ఇంట్లో మొదట బడికి పోయింది నేను. ఫారాలు నింపడం నేర్పింది మామ. "చెయ్యి వణకొద్దు బిడ్డా. నువ్వేం దొంగతనం జేస్తలేవు" అనేవాడు.

యుద్ధంలో కాలికి తూటా తగిలిన మనిషి. రోజూ బూట్లకు పాలిష్ పెట్టుకొని గేటు దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. ఎవరికీ సెల్యూట్ కొట్టేవాడు కాదు. "అది సైన్యంల వర్దీతోటే ఇడిచిపెట్టిన" అనేవాడు. మా గల్లీలోనే ఉండే ఒక ప్రొఫెసర్‌కు అది గిట్టలేదు. ఆయనే మా కాలనీ సంఘం అధ్యక్షుడు కూడా. వాచ్‌మన్ లేచి నిలబడడం లేదని కాగితం పెట్టి, మామను వెనక సైకిల్ స్టాండ్‌కు మార్పించాడు.

అంత్యక్రియలకు సైన్యం వాళ్లు వస్తున్నారని తెలియగానే ఆ పెద్దమనిషే తెల్ల కుర్తా వేసుకొని అందరికంటే ముందు నిలబడ్డాడు. బ్యూగిల్ ఆగగానే సంఘం వాళ్లు చప్పట్లు కొట్టారు, వార్షికోత్సవానికి వచ్చినట్టు. తుపాకులు పేలాక ఒకాయన, "సార్, ఇంకోపారి పేల్చుర్రి. వీడియో సక్కగ రాలే" అన్నాడు. సిపాయిలు అతని వైపు చూడను కూడా లేదు. ప్రొఫెసర్ ఎడమ చేత్తో సెల్యూట్ కొట్టాడు. కుడి చేతిలో ఫోనుంది మరి.

నిప్పు పెట్టే ముందు మామ మీద కప్పిన జెండా తీసి, మడిచి, ఇంటివాళ్లకు ఇస్తారు. "ఘర్‌వాలే కౌన్ హై?" అని సిపాయిలతో వచ్చిన సుబేదార్ అడిగాడు. "కాలనీ అంతా ఆయన కుటుంబమే" అంటూ ప్రొఫెసర్ ఫోన్ జేబులో వేసుకొని రెండు చేతులూ చాచాడు. అమ్మ ఎక్కడో మెస్ ఆడవాళ్ల వెనక ఉంది.

ఆస్పత్రిలో ఉన్నప్పుడు మామ నాతో ఒక కాగితం రాయించాడు. "జెండా నా చెల్లెకియ్యాలె. ఇంగ్లీషుల రాయి, సంతకం నేను జేస్త" అన్నాడు. అది తీసి సుబేదార్‌కు ఇచ్చాను. నేనేం దొంగతనం జేస్తలేనని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన రెండుసార్లు చదివి, "బెహన్‌జీ కహాఁ హై?" అన్నాడు.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. సుబేదార్ ఆమె చేతుల్లో జెండా పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి సెల్యూట్ చేశాడు. అమ్మ, "మంచిది బిడ్డా" అంది. పక్కన ప్రొఫెసర్ చేతులు ఇంకా అలాగే చాచి ఉన్నాయి.